శిఖరాన్ని కొలిచిన గణకుడు

మన దేశానికి ఉత్తరాన హిమాలయ పర్వతాలు పెట్టనికోటలా నిలిచి ఉన్నాయి. ఈ పర్వతశ్రేణిలో ఏడాది పొడవునా మంచుతో కప్పబడి ఉండే శిఖరాలు వందల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో అన్నిటికంటె ఎత్తయినది ఏది? ఈనాడు ఈ ప్రశ్నకు చిన్నపిల్లలు కూడా తడుముకోకుండా జవాబు చెబుతారు. కాని పందొమ్మిదవ శతాబ్దం సగం గడిచేవరకు దీనికి సరైన జవాబు చెప్పగలవారు లోకంలో ఎవరూ లేరు. ఆ జవాబును కనుగొన్నవారు శిఖరాన్ని ఎక్కలేదు. దాని పాదం దాకా కూడా వెళ్ళలేదు. వంద మైళ్ళకు అవతల మైదానంలో నిలబడి కొందరు కోణాలు కొలిచారు. మరికొందరు కార్యాలయంలో కూర్చుని ఆ కోణాలనుంచి లెక్కలు కట్టారు. అలా లెక్కలు కట్టినవారిలో అగ్రగణ్యుడు రాధానాథ్ సిక్దార్.

రాధానాథ్ 1813 అక్టోబరులో కలకత్తా నగరంలోని జొరాసాంకో ప్రాంతంలో జన్మించాడు. తండ్రి పేరు తీతూరాం. పూర్వం నవాబుల కాలంలో ఆ వంశంవారు శాంతిభద్రతలు కాపాడే ఉద్యోగం చేసేవారు. సిక్దార్ అనే ఇంటిపేరు ఆ ఉద్యోగాన్ని బట్టి వచ్చింది. రాధానాథ్ మొదట ఊరి బడిలో చదివి, 1824లో హిందూ కళాశాలలో చేరాడు. ఆనాటి కలకత్తాలో కొత్త చదువులకు అది కేంద్రం.

ఆ కళాశాలలో డెరోజియో అనే యువ ఉపాధ్యాయుడు ఉండేవాడు. వయస్సులో ఆయన తన విద్యార్థులకంటె కొన్నేళ్ళు మాత్రమే పెద్ద. పెద్దలు చెప్పారన్న కారణంతో దేనినీ నమ్మవద్దని, ప్రతి విషయాన్నీ ప్రశ్నించి, పరీక్షించి, నిజమని తేలితేనే అంగీకరించాలని ఆయన బోధించేవాడు. ఆయన శిష్యులు కులభేదాలను, బాల్యవివాహాలను, స్త్రీలకు చదువు నిరాకరించడాన్ని బాహాటంగా విమర్శించారు. వారిలో రాధానాథ్ ఒకడు. గురువు నేర్పిన నిర్భయత్వం ఆయన జీవితమంతా వెన్నంటి ఉంది.

రాధానాథ్‌కు ప్రాణప్రదమైన విషయం గణితం. జాన్ టైట్లర్ అనే ఆచార్యుని వద్ద ఆయన ఉన్నత గణితం అభ్యసించాడు. న్యూటన్ మహాశయుని సుప్రసిద్ధ గ్రంథం ప్రిన్సిపియాను చదివి అర్థం చేసుకున్న తొలి భారతీయ విద్యార్థులలో రాధానాథ్‌ను చెప్పుకుంటారు. గోళంమీద గీసిన త్రిభుజాల లక్షణాలను వివరించే గోళీయ త్రికోణమితిలో ఆయనకు అసాధారణమైన పట్టు చిక్కింది. ఈ విద్య కారణంగానే ఆయన జీవితం మలుపు తిరిగింది.

ఆ రోజులలో దేశమంతటినీ శాస్త్రీయంగా కొలిచే ఒక మహాకార్యం సాగుతూ ఉండేది. దానిని మహా త్రికోణమితి సర్వే అంటారు. అది దక్షిణాదిలో పుట్టింది. 1802లో విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసు సమీపంలోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ళ పొడవైన ఒక సరళరేఖను గొలుసుతో అతి జాగ్రత్తగా కొలిచి ఈ పనికి పునాది వేశాడు. త్రిభుజంలో ఒక భుజం పొడవు, రెండు కోణాలు తెలిస్తే మిగిలిన రెండు భుజాల పొడవులను లెక్కకట్టవచ్చు. అలా తెలిసిన భుజంమీద మరొక త్రిభుజం, దాని భుజంమీద ఇంకొక త్రిభుజం నిర్మిస్తూ పోతే, నేలంతా గొలుసు లాగనవసరం లేకుండానే దేశం పొడవునా దూరాలను తెలుసుకోవచ్చు. ఈ సూత్రంమీదనే సర్వే నడిచింది.

కోణాలను కొలవడానికి థియొడోలైట్ అనే యంత్రాన్ని వాడేవారు. లాంబ్టన్ వాడిన పెద్ద థియొడోలైట్ బరువు సుమారు అర టన్ను. 1808లో దానిని తంజావూరు గుడి గోపురంమీదికి ఎక్కిస్తూ ఉండగా అది గోడకు కొట్టుకొని దెబ్బతిన్నది. లాంబ్టన్ తన గుడారంలో కూర్చుని వారాల తరబడి శ్రమపడి దానిని తానే బాగుచేసుకున్నాడు. త్రిభుజాల వరుస తమిళదేశం, బెంగుళూరు, బీదరు ప్రాంతాలమీదుగా ఉత్తరానికి సాగింది. కృష్ణా గోదావరి నదుల మధ్య అడవులలో 1819లో సర్వే సిబ్బంది విషజ్వరాల పాలయ్యారు. 1823లో లాంబ్టన్ మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్ దగ్గర పని మధ్యలోనే కన్నుమూశాడు. ఆయన సహాయకుడు జార్జి ఎవరెస్టు ఆ బాధ్యతను స్వీకరించాడు.

సర్వేకు గోళీయ త్రికోణమితి తెలిసిన యువకుడు కావాలని ఎవరెస్టు అడిగినప్పుడు టైట్లర్ రాధానాథ్ పేరు చెప్పాడు. 1831 డిసెంబరు 19న రాధానాథ్ నెలకు ముప్పై రూపాయల జీతంమీద సర్వేలో గణకుడుగా చేరాడు. అప్పటికి ఆయనకు పద్ధెనిమిదేళ్ళు. సరిగ్గా వారం రోజులకు, డిసెంబరు 26న, ఆయన గురువు డెరోజియో కలరా వ్యాధితో ఇరవైరెండేళ్ళ వయస్సులోనే మరణించాడు.

ఆ ఉద్యోగానికి ఇంగ్లీషులో కంప్యూటర్ అని పేరు. ఈనాడు కంప్యూటర్ అంటే యంత్రం. ఆనాడు కంప్యూటర్ అంటే మనిషి. క్షేత్రంలో పనిచేసేవారు పంపిన కోణాల పుస్తకాలను ముందు పెట్టుకొని, లాగరిథం పట్టికలు చూసుకుంటూ, కాగితంమీద ఒక్కొక్క అంకె వేసి ఫలితం రాబట్టడమే గణకుని పని. ఒక చోట ఒక అంకె తప్పితే ఆ తప్పు తరువాతి త్రిభుజానికి, దానినుంచి ఆపై త్రిభుజానికి పాకిపోతుంది. అందువల్ల ఒకరు చేసిన లెక్కను మరొకరు మళ్ళీ చేసి సరిచూసేవారు. ఓర్పు, నిజాయితీ ఉన్నవారే ఆ పనిలో నిలవగలిగేవారు.

రాధానాథ్ కలకత్తా విడిచి మధ్యభారతంలోని సిరోంజ్‌కు, తరువాత హిమాలయ పాదాలవద్ద ఉన్న డెహ్రాడూన్‌కు వెళ్ళాడు. అక్కడ ఆయన లెక్కలకే పరిమితం కాలేదు. ఎండలో, చలిలో తిరిగి ఆధారరేఖలను కొలవడం, యంత్రాలను అమర్చడం, నక్షత్రాలను పరిశీలించడం నేర్చుకున్నాడు. కావలసినచోట కొత్త గణిత పద్ధతులను రూపొందించాడు. గణితంలో ఆయనకు సాటిరాగలవారు భారతదేశంలో, ఐరోపావారిలో గాని దేశీయులలో గాని, చాలా కొద్దిమందే ఉన్నారని ఎవరెస్టు అభిప్రాయపడ్డాడు. ఒకసారి రాధానాథ్ సర్వేను విడిచి డిప్యూటీ కలెక్టరు ఉద్యోగానికి వెళ్ళాలని ప్రయత్నించాడు. ఎవరెస్టు ఆయనను వదులుకోవడానికి ఒప్పుకోలేదు. పైగా రాధానాథ్ తండ్రికి ప్రత్యేకంగా జాబు వ్రాసి కుమారుని ప్రతిభను మెచ్చుకున్నాడు.

పై అధికారుల మెప్పు పొందినా రాధానాథ్ తల వంచుకొని బతికే మనిషి కాదు. 1843లో డెహ్రాడూన్‌లో జరిగిన ఒక సంఘటన ఇందుకు నిదర్శనం. ఆ రోజులలో ఆంగ్ల అధికారులు పర్యటనకు బయలుదేరితే పేదవారిని పట్టుకొని, కూలి ఇవ్వకుండా సామాన్లు మోయించుకోవడం పరిపాటి. దీనినే వెట్టి అంటారు. అక్కడి మెజిస్ట్రేటు వాన్సిటార్ట్ మనుషులు సర్వే శాఖకు చెందిన కూలీలచేత ఆయన సామాన్లు మోయించారు. రాధానాథ్ ఆ సామాన్లను ఆపించి, తమ కూలీలను ఎందుకు వాడుకున్నారో సమాధానం చెప్పిన తరువాతనే వాటిని ఇస్తానని పట్టుపట్టాడు. మెజిస్ట్రేటు మండిపడ్డాడు. రాధానాథ్‌మీద కేసు నడిచింది. న్యాయస్థానం ఆయనకు 200 రూపాయల జరిమానా విధించింది. ఉద్యోగంలో చేరిననాటి జీతంతో పోల్చితే అది ఆరునెలల జీతంకంటె ఎక్కువ. రాధానాథ్ జరిమానాకు వెనుదీయలేదు. ఆయన మిత్రుడు రాంగోపాల్ ఘోష్‌కు చెందిన బెంగాల్ స్పెక్టేటర్ పత్రిక ఈ వృత్తాంతాన్ని ప్రకటించడంతో వెట్టిచాకిరీ అన్యాయం నలుగురికీ తెలిసింది. కూలివాని కష్టానికి విలువ కట్టడం కూడా ఒక కొలతేనని రాధానాథ్ ఎరుగును.

1843లోనే ఎవరెస్టు పదవీ విరమణ చేసి ఇంగ్లండుకు వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో ఆండ్రూ వా వచ్చాడు. 1849లో రాధానాథ్ ప్రధాన గణకునిగా కలకత్తాకు తిరిగి వచ్చాడు. సరిగ్గా ఆ సమయానికే సర్వేవారి దృష్టి హిమాలయ శిఖరాలమీదికి మళ్ళింది.

అంతకు ముందు ప్రపంచంలో ఎత్తయిన శిఖరం దక్షిణ అమెరికాలోని చింబొరాజో అనుకునేవారు. హిమాలయాలను కొలవడం మొదలైన తరువాత ఆ గౌరవం నేపాల్‌లోని ధవళగిరికి దక్కింది. ఆ తరువాత డార్జిలింగ్ ఎదుట ఆకాశాన్ని ఆక్రమించినట్లు కనబడే కాంచనజంగ వంతు వచ్చింది. అసలైన మహాశిఖరం మాత్రం ఎవరి కంటా పెద్దగా పడకుండా దాగి ఉంది. దానికి కారణం ఆ శిఖరం ఉన్న చోటే.

ఆ శిఖరం నేపాల్, టిబెట్ దేశాల సరిహద్దుమీద, దాదాపు 28 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 87 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. దాని దక్షిణాన లోత్సే, పడమర నుప్‌త్సే, ఆగ్నేయాన మకాలు శిఖరాలు అంగరక్షకులవలె నిలబడి ఉంటాయి. మైదానంనుంచి చూసేవారికి ముందున్న కొండలు పెద్దవిగా, వెనుకనున్న ఈ శిఖరం చిన్నదిగా కనబడుతుంది. డార్జిలింగ్‌నుంచి కాంచనజంగ ఉన్న దూరంకంటె ఇది రెండింతలకుపైగా దూరంలో ఉంది. అక్కడినుంచి చూస్తే దీని కొన మాత్రమే ఇతర శిఖరాల వెనుక తొంగిచూస్తున్నట్లు ఉంటుంది. దగ్గరగా ఉన్న మామిడిచెట్టు దూరపు కొండకంటె పెద్దగా కనబడినట్లే ఇదీ.

దగ్గరికి వెళ్ళి చూస్తే దాని స్వరూపం వేరు. మూడు ముఖాలు, మూడు పెద్ద గట్లు కలిసి ఒక మహా పిరమిడ్ ఆకారం ఏర్పడింది. ఉత్తరాన రోంగ్‌బుక్, తూర్పున కాంగ్‌షుంగ్, నైరుతి దిశలో ఖుంబూ అనే హిమానీనదాలు దాని పాదాలవద్ద పుడతాయి. హిమానీనదం అంటే మెల్లగా కదిలే మంచునది. ఉత్తరాన టిబెట్‌వైపు జారిన నీరు కూడా చివరకు అరుణ్ నదిలో చేరి హిమాలయాలను చీల్చుకొని దక్షిణానికే వస్తుంది. ఇటు దక్షిణపు నీరు దూధ్‌కోసిలో కలుస్తుంది. రెండూ కోసీ నదిగా ఏకమై, బీహారు మైదానం దాటి, గంగలో కలిసి బంగాళాఖాతం చేరతాయి. శిఖరాగ్రంమీద గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానిలో మూడోవంతు మాత్రమే. ఆ కొనమీద ఉన్నది సున్నపురాయి. దానిలో సముద్రజీవుల శిలాజాలు ఉన్నాయి. కోట్ల సంవత్సరాల క్రితం సముద్రం అడుగున పేరుకొన్న పొరలే, భారత భూఫలకం ఉత్తరానికి జరిగి ఆసియా భూఫలకాన్ని ఒత్తడంవల్ల పైకి లేచి, లోకంలోకెల్లా ఎత్తయిన చోటికి చేరాయి.

ఈ వివరాలలో ఎక్కువ భాగం రాధానాథ్ కాలంలో ఎవరికీ తెలియదు. అప్పుడు నేపాల్, టిబెట్ రెండూ విదేశీయులను లోపలికి రానిచ్చేవి కావు. అందువల్ల సర్వేవారు నేపాల్ సరిహద్దుకు దిగువన తెరాయి అనే చిత్తడి అడవి నేలలలో, బీహారు మైదానంలో ఎత్తయిన కట్టడాలు కట్టి, వాటిమీదికి యంత్రాలు ఎక్కించి చూసేవారు. తెరాయి దోమలకు, మలేరియాకు నిలయం. అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్న సర్వే ఉద్యోగులు, కూలీలు ఎందరో ఉన్నారు. వానాకాలం వెళ్ళిన తరువాత కొద్ది వారాలు మాత్రమే గాలి తేటగా ఉండి శిఖరాలు స్పష్టంగా కనబడేవి.

1847 నవంబరులో వా స్వయంగా డార్జిలింగ్ ప్రాంతంనుంచి కాంచనజంగను పరిశీలిస్తూ దానికి అవతల చాలా దూరాన మరొక శిఖరాన్ని గమనించాడు. 1849 చలికాలంలో జేమ్స్ నికల్సన్ అనే సర్వేయరు బీహారు మైదానంలోని ఆరు చోట్లనుంచి ఆ శిఖరపు కోణాలను కొలిచాడు. ఆ ఆరు చోట్లూ శిఖరానికి 108 నుంచి 118 మైళ్ళ దూరంలో ఉన్నాయి. ఇంతలో నికల్సన్ మలేరియా బారినపడి పని విడిచి వెళ్ళవలసి వచ్చింది. ఆయన కొలతలు మిగిలాయి. స్థానిక నామం తెలియని శిఖరాలకు సర్వేవారు వరుస సంఖ్యలు ఇచ్చేవారు. ఈ శిఖరానికి దక్కిన సంఖ్య పదిహేను. ఇక మిగిలినది గణకుల పని.

ఆ లెక్క ఎంత కష్టమైనదో ఊహించుకోవాలి. భూమి బల్లపరుపుగా లేదు, గుండ్రంగా ఉంది. అందుచేత 110 మైళ్ళ దూరంలో ఉన్న కొండ భూమి వంపు కారణంగానే సుమారు 8,000 అడుగుల మేర కిందికి దిగిపోయినట్లు ఉంటుంది. మిగిలిన ఎత్తు చూసేవాని కంటికి సుమారు రెండు డిగ్రీల కోణం మాత్రమే చేస్తుంది. చేతిని ముందుకు చాచి బొటనవేలు నిలబెడితే దాని వెడల్పు ఎంత కోణం చేస్తుందో దాదాపు అంతే. లోకంలోకెల్లా పెద్ద పర్వతం అక్కడినుంచి ఒక బొటనవేలి చాటున ఇమిడిపోతుందన్నమాట. ఆ కొద్ది కోణంలో వెంట్రుకవాసి పొరపాటు జరిగినా ఎత్తులో పదుల అడుగుల తేడా వస్తుంది.

రెండవ చిక్కు గాలివల్ల వస్తుంది. నీటిలో ముంచిన కర్ర వంగినట్లు కనబడడం మనకు తెలిసినదే. అలాగే శిఖరంనుంచి వచ్చే కాంతికిరణం పలుచని చల్లగాలినుంచి చిక్కని మైదానపు గాలిలోకి దిగుతూ కొద్దికొద్దిగా వంగుతుంది. దీనిని వక్రీభవనం అంటారు. దానివల్ల శిఖరం ఉన్నదానికంటె ఎత్తులో కనబడుతుంది. ఈ వంపు ఉదయం ఒక తీరుగా, మధ్యాహ్నం మరొక తీరుగా మారుతూ ఉంటుంది. ఉష్ణోగ్రతను, గాలి ఒత్తిడిని బట్టి దానిని లెక్కించి తీసివేయాలి. మూడవ చిక్కు పర్వతాల ఆకర్షణ. యంత్రాన్ని నిలువుగా నిలపడానికి ఆధారమైన బరువును హిమాలయాల ద్రవ్యరాశి తనవైపు ఇంచుక లాగుతుంది. ఈ సంగతిని ఆనాటి శాస్త్రజ్ఞులు అప్పుడప్పుడే అర్థం చేసుకుంటున్నారు.

ఈ చిక్కులన్నిటినీ దాటుకుంటూ గణకులు ఆరు చోట్లనుంచి ఆరు ఎత్తులను రాబట్టారు. వాటిలో తక్కువది దాదాపు 28,990 అడుగులు. ఎక్కువది 29,026 అడుగులు. అంత దూరంనుంచి కొలిచినా ఆరింటి మధ్య తేడా సుమారు 36 అడుగులకు మించలేదు. అంటే దాదాపు 800 అడుగులకు ఒక అడుగు. ఆరింటి సగటు 29,002 అడుగులు. కాంచనజంగ ఎత్తు అప్పటి లెక్క ప్రకారం 28,156 అడుగులు. పదిహేనవ సంఖ్య శిఖరమే ప్రపంచంలో ఉన్నతమైనదని తేలిపోయింది.

1852లో రాధానాథ్ పరుగున వెళ్ళి తన పై అధికారికి ఈ వార్త చెప్పాడని ఒక కథ లోకంలో ప్రచారంలో ఉంది. కథ అందంగానే ఉంది గాని విజ్ఞానశాస్త్రంలో ఇంతటి ఫలితం ఒక్క క్షణంలో, ఒక్కని చేతిలో తేలదు. కలకత్తాలోనూ డెహ్రాడూన్‌లోనూ గణకులు కొన్ని సంవత్సరాలపాటు లెక్కలు వేసి, మళ్ళీ సరిచూశారు. ఆ గణకులకు ప్రధానుడుగా ఉండి, పద్ధతులను తీర్చిదిద్ది, ఫలితం తేల్చడంలో ముఖ్యపాత్ర వహించడం రాధానాథ్ ఘనత. సందేహాలన్నీ తీరిన తరువాత 1856లో వా ఈ ఫలితాన్ని లోకానికి వెల్లడించాడు.

వెంటనే పేరు సమస్య వచ్చింది. స్థానికులు పిలిచే పేరునే పటాలలో ఉంచాలని ఎవరెస్టు నియమం పెట్టుకున్నాడు. కాని తమకు స్థానిక నామం దొరకలేదంటూ వా ఆ శిఖరానికి తన పూర్వాధికారి ఎవరెస్టు పేరు పెట్టాడు. ఈ దేశ ప్రజల నోట తన పేరు సరిగా పలకదని ఎవరెస్టే అభ్యంతరం చెప్పాడు. అయినా 1865లో లండన్‌లోని రాయల్ జియొగ్రాఫికల్ సొసైటీ ఆ పేరునే స్థిరపరచింది. నిజానికి ఆ పర్వతానికి టిబెట్‌వారి పేరు ముందే ఉంది. వారు దానిని చోమోలుంగ్మా అంటారు. సాగర్‌మాథా అనే నేపాలీ పేరును ఇరవయ్యవ శతాబ్దంలో చరిత్రకారుడు బాబురాం ఆచార్య ప్రచారంలోకి తెచ్చాడు. లెక్క కట్టిన రాధానాథ్ పేరు మాత్రం ఏ పటంలోనూ చేరలేదు.

ఆయన దానికోసం కాచుకొని కూర్చోనూ లేదు. 1852నుంచి కలకత్తా వాతావరణ పరిశీలనశాల బాధ్యత కూడా ఆయన భుజాలమీద పడింది. గాలి ఒత్తిడిని కొలిచే బారోమీటరులోని పాదరసం వేడికి వ్యాకోచిస్తుంది. అందువల్ల వేరువేరు ఉష్ణోగ్రతలవద్ద తీసిన కొలతలను పోల్చడానికి వీలుండదు. వాటినన్నిటినీ ఒకే ఉష్ణోగ్రతకు మార్చే సూత్రాన్ని, పట్టికలను రాధానాథ్ తయారుచేశాడు. ఆయన శాస్త్రకృషిని గుర్తించి 1864లో జర్మనీలోని బవేరియాకు చెందిన ప్రకృతిశాస్త్ర సంఘం ఆయనను సభ్యునిగా చేర్చుకుంది.

గణితంలో మునిగిన ఈ మనిషి మాతృభాషను మరచిపోలేదు. 1854లో మిత్రుడు ప్యారీచాంద్ మిత్రతో కలిసి మాసిక్ పత్రిక అనే బెంగాలీ పత్రికను ప్రారంభించాడు. సంస్కృత సమాసాలతో నిండిన భాష పండితులకు తప్ప మిగిలినవారికి అర్థమయ్యేది కాదు. ఇంట్లో ఉండే స్త్రీలు కూడా చదివి తెలుసుకోగల వాడుక భాషలో పత్రిక వ్రాయాలని వారిద్దరూ నిశ్చయించుకున్నారు. పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి పంతులు తెలుగులో వ్యావహారిక భాషకోసం ఉద్యమించడానికి అర్ధశతాబ్దం ముందు జరిగిన ప్రయత్నమిది. తాను తెలుసుకున్నది పదిమందికీ అందాలన్న తపన ఇద్దరిలోనూ ఒక్కటే.

రాధానాథ్ 1862లో ఉద్యోగవిరమణ చేశాడు. తరువాత కలకత్తాలోని జనరల్ అసెంబ్లీ విద్యాలయంలో గణితం బోధించాడు. ఆయన వివాహం చేసుకోలేదు. చివరి రోజులను గంగానది ఒడ్డున చందర్‌నగర్‌లోని గోందల్‌పాడాలో గడిపాడు. యానాం వలెనే చందర్‌నగర్ కూడా ఆనాడు ఫ్రెంచివారి పాలనలో ఉండేది. అక్కడే 1870 మే 17న ఆయన మరణించాడు.

మరణించిన తరువాత ఆయనకు ఒక అన్యాయం జరిగింది. 1851లో సర్వే విధానాలను వివరిస్తూ ఒక పెద్ద గ్రంథం వెలువడింది. దానిలోని శాస్త్ర సంబంధమైన ముఖ్య భాగాలు రాధానాథ్ వ్రాసినవి. మొదటి ముద్రణల పీఠికలో సంపాదకులు ఆ సంగతి స్పష్టంగా చెప్పి కృతజ్ఞత తెలిపారు. 1875లో మూడవ ముద్రణ వచ్చింది. ఆయన వ్రాసిన భాగాలు అలాగే ఉన్నాయి. పీఠికలో ఆయన పేరు మాత్రం లేదు. బతికి ఉంటే ప్రశ్నించేవాడే. చనిపోయినవాడు ఏమి అడగగలడు? అప్పుడు సర్వే శాఖలోనే పనిచేస్తున్న మెక్డొనాల్డ్ అనే ఆంగ్ల అధికారి ఈ పనిని ఫ్రెండ్ ఆఫ్ ఇండియా పత్రికలో తీవ్రంగా ఖండించాడు. ఇది చనిపోయినవారి సొత్తును దోచుకోవడమేనని దుయ్యబట్టాడు. అందుకు ఆయన పై అధికారుల ఆగ్రహానికి గురయ్యాడు. పేరు తీసివేసిందీ ఆంగ్లేయులే. అది తప్పని ఎదిరించిందీ ఒక ఆంగ్లేయుడే. నిజం పక్షాన నిలబడడానికి జాతి అడ్డురాదు.

1953 మే 29న టెన్సింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ ఆ శిఖరంమీద కాలుమోపారు. 1955లో భారత సర్వే శాఖ కొత్త కొలతలతో దాని ఎత్తు 8,848 మీటర్లని తేల్చింది. 2020 డిసెంబరులో నేపాల్, చైనా దేశాలు కలిసి 8,848.86 మీటర్లని ప్రకటించాయి. శిఖరంమీదికి యంత్రాలను మోసుకుపోయి, ఉపగ్రహాల సహాయంతో కొలిచి చెప్పిన లెక్క ఇది. రాధానాథ్ కాలపు 29,002 అడుగులను మీటర్లలోకి మార్చితే సుమారు 8,840 అవుతుంది. కొండ దరిదాపులకు పోకుండా, కాగితం, కలం, పట్టికల పుస్తకం మాత్రమే సాధనాలుగా కట్టిన లెక్కకూ నేటి లెక్కకూ తేడా దాదాపు తొమ్మిది మీటర్లే.

2004లో భారత తపాలా శాఖ మహా త్రికోణమితి సర్వే జ్ఞాపకార్థం తపాలా బిళ్ళలు విడుదల చేసినప్పుడు వాటిలో రాధానాథ్ సిక్దార్‌కు స్థానం లభించింది. ఆయన పేరు పర్వతానికి లేకపోవచ్చు. కాని ఆ పర్వతం ఎంత ఎత్తని ఎవరు అడిగినా, చెప్పే జవాబు వెనుక ఆయనా, ఆయనతో కలిసి పనిచేసిన గణకులూ, తెరాయి అడవులలో యంత్రాలు మోసి జ్వరాలకు బలి అయిన పేరు తెలియని కూలీలూ ఉన్నారు.